వస పోస్తే మాటలొస్తాయా?

‘మగపిల్లాడికి మాటలు ఆలస్యమేలే... వాళ్ల నాన్నకూ మూడేళ్లు నిండాకే వచ్చాయి!’

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈ మాట వినపడని వీధి ఉండదు. అనేది సాధారణంగా నాయనమ్మ. కొడుకు చిన్నతనం గురించి ఆవిడకన్నా ఎక్కువ ఎవరికి తెలుసు! కోడలికి లోపల ఏదో గుబులున్నా ఎదురు చెప్పలేదు. బిడ్డకు రెండేళ్లు నిండుతాయి. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. నాలుక కింద తీగ అడ్డుపడుతోందేమోనని ఎవరికో చూపిస్తారు. మొక్కులు మొక్కుతారు. మూడేళ్లూ నిండుతాయి. ‘పేరు పెట్టి పిలిచినా పలకట్లేదండీ’ అని అంగన్‌వాడీ టీచర్ చెప్పాక గానీ గుంటూరు బస్సెక్కరు.

పోనీలే, ఆలస్యమైతే అయింది, ఇప్పుడు వైద్యం చేయిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కు. మెదడులో మాట కోసం ఉన్న చోటు ఏళ్ల తరబడి ఖాళీగా ఎదురుచూస్తూ కూర్చోదు. మొదటి మూడేళ్లలో చెవి నుంచి శబ్దం అందకపోతే ఆ చోటును చూపులాంటి వేరే పనులు ఆక్రమించుకుంటాయి. పదును పోయాక పత్తి గింజ వేస్తే మొలక ఎలా ఉంటుందో ఈ ప్రాంతపు రైతుకు చెప్పక్కర్లేదు. ఇదీ అంతే. అందుకే పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు చికిత్స మొదలుకావాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. మన లెక్క ‘మూడేళ్లు చూద్దాం’ దగ్గరే ఆగిపోయింది.

ఎక్కువగా మాట్లాడేవాళ్లను ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా’ అని ఆటపట్టించడం తెలుగిళ్లలో అలవాటే. సరదాకి బాగానే ఉంటుంది. కానీ మాట నాలుకతో కాదు, చెవితో మొదలవుతుందన్న సంగతిని ఈ వస మరిపించేసింది.

పళ్లెం మోగిస్తే తిరిగి చూశాడుగా!

అనుమానం వచ్చిన ఇళ్లలో ఓ పరీక్ష చేస్తారు. బిడ్డ వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో గట్టిగా కొడతారు. బిడ్డ తిరిగి చూస్తాడు. ‘అదిగో, వినపడుతోంది’ అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చాలామంది పిల్లలకు ఓ ఏడాది పోగొట్టేది ఈ పళ్లెమే.

మామూలుగా మనం మాట్లాడుకునే మాట తీవ్రత సుమారు 60 డెసిబెల్స్. పళ్లెం మోత అంతకన్నా చాలా ఎక్కువ. మాట వినపడని బిడ్డకు మోత వినపడవచ్చు. ఒక్కోసారి అదీ వినపడక, నీడ కదిలిందనో నేల అదిరిందనో తిరిగి చూస్తాడు. ఇంకో మెలిక కూడా ఉంది. ‘అ, ఆ, ఓ’లాంటి అచ్చులది మంద్రంగా ఉండే బలమైన ధ్వని. ‘స, శ, చ’లది సన్నటి, బలహీనమైన ధ్వని. కొందరు పిల్లలకు మొదటి రకం వినపడి రెండోది వినపడదు. అలాంటి బిడ్డ ‘అమ్మా’ అంటే తిరుగుతాడు. ‘సీసా’ అంటే మాత్రం అతడికి అందేది మధ్యలో రంధ్రాలు పడిన శబ్దం. తిరుగుతున్నాడు కాబట్టి చెవుడు లేదంటారు. మాటలు రావట్లేదు కాబట్టి బుద్ధి లేదంటారు. రెండూ తప్పే.

చెవిటివాడి ముందు శంఖం ఊదిన సామెత మనకుంది. శంఖం ఊదడం సులువే. ఏ శ్రుతిలో ఊదితే ఎంత వినపడింది, ఏ చెవికి వినపడింది, లోపం బయటి చెవిలోనా, లోపలి నరంలోనా అని తేల్చడానికే చదువు కావాలి. నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం పెట్టి, లోపలి చెవి తిరిగి పంపే ప్రతిధ్వనిని కొన్ని నిమిషాల్లో కొలిచే పరీక్ష ఉంది. దాని పేరు ఓఏఈ. తల మీద తీగలు అంటించి, శబ్దం నరం గుండా మెదడు దాకా చేరుతోందో లేదో చూసే పరీక్ష బెరా. బిడ్డ చెప్పాల్సిన పని లేదు, చెయ్యెత్తాల్సిన పని లేదు. ఆ గీతలను చదవగలిగే మనిషి ఉండాలి. ఆ మనిషి చెవి, ముక్కు, గొంతు డాక్టర్ కాదు. పక్క గదిలో కూర్చునే ఆడియాలజిస్టు. చాలాసార్లు మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టూ ఆ మనిషే. ఎందుకంటే మన దేశంలో ఈ రెండింటికీ డిగ్రీ ఒక్కటే. బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. పొట్టిగా బీఏఎస్‌ఎల్‌పీ.

గుంటూరంటే ఎంట్రన్సుల ఊరు. తెల్లారకముందే స్టడీ అవర్లు మొదలయ్యే హాస్టళ్ల ఊరు. నీట్‌లో ఎన్ని మార్కులకు ఎక్కడ ఎంబీబీఎస్ సీటు వస్తుందో, రాకపోతే బీడీఎస్సా, ఫిజియోథెరపీనా, అగ్రికల్చరా అన్నది ఇక్కడి తల్లిదండ్రులకు కంఠతా వచ్చు. ఆ జాబితాలో ఈ నాలుగేళ్ల డిగ్రీ పేరు చెప్పేవాళ్లు అరుదు. అవసరం మాత్రం ఈ నేల మీద కావల్సినంత ఉంది.

ఆరున్నర లక్షల తర్వాత...

2007 ఏప్రిల్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఈ ప్రాంతపు పేదలకు ఓ పెద్ద ఆశ తెచ్చింది. పుట్టుచెవుడు ఉన్న చిన్నపిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంటును అందులో చేర్చారు. శస్త్రచికిత్సకూ, ఆ తర్వాతి మాటల శిక్షణకూ కలిపి ఒక్కో బిడ్డకు గరిష్ఠంగా రూ.6.50 లక్షలు. ఎకరం అమ్ముకుంటే తప్ప చేయించలేని వైద్యం తెల్లకార్డుతో అందుబాటులోకి వచ్చింది. తర్వాత పథకం పేరు మారుతూ వచ్చింది.

ఇంప్లాంటు చేసే పని గురించి అపోహలెక్కువ. అది చెవిని బాగుచేయదు. చెవి వెనక పెట్టుకునే పరికరం శబ్దాన్ని పట్టుకుని, చర్మం కింద అమర్చిన భాగానికి పంపుతుంది. అక్కడి నుంచి సన్నటి తీగ నత్తగుల్ల ఆకారంలో ఉండే లోపలి చెవిలోకి వెళ్లి, నేరుగా నరానికి విద్యుత్ సంకేతాలిస్తుంది. శస్త్రచికిత్స అయిన కొన్ని వారాలకు ‘స్విచ్ ఆన్’ చేస్తారు. ఆ క్షణాన చాలామంది పిల్లలు ఏడుస్తారు. పాపం, అదేమిటో వాళ్లకు తెలియదు మరి! అమ్మ కళ్లలోనూ నీళ్లే. వీడియో తీసుకుంటారు. నలుగురికీ పంపుకుంటారు.

అసలు పని మొదలయ్యేది మర్నాటి నుంచి. వయసు మూడేళ్లున్నా ఆ బిడ్డ వినికిడి వయసు ఒక్కరోజే. కుక్క మొరుగు వేరు, కుక్కర్ కూత వేరు, అమ్మ పిలుపు వేరు అని ఒక్కొక్కటే నేర్పాలి. పరికరంలో ఏ ధ్వని ఎంత వినపడాలో మళ్లీమళ్లీ సరిచేయాలి. దీన్ని మ్యాపింగ్ అంటారు. వారానికి ఒకటి రెండుసార్లు చొప్పున ఒకటి రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం థెరపిస్టు ముందు కూర్చోవాలి. శస్త్రచికిత్స కొన్ని గంటల్లో ముగుస్తుంది. దీనికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ఏళ్లు పట్టే పనికి ఈ ప్రాంతపు క్యాలెండర్ అడ్డం పడుతుంది. అక్టోబరు దాటితే పత్తి తీతలు. జనవరి నుంచి మిరప కోతలు. మార్కాపురం, కనిగిరి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు, పల్నాడు పొలాలకు తరలివస్తాయి. కళ్లం దగ్గర గుడారం వేసుకుని రెండు మూడు నెలలు ఉంటాయి. ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ రోజుల్లోనే. ‘మంగళవారం థెరపీ ఉంది, కూలికి రాను’ అనగలిగిన తల్లి ఎంతమంది? ఒక్క వారం కదా అనుకుంటారు. అది నెలవుతుంది. దుమ్ములో, చెమటలో పరికరం మొరాయిస్తుంది. వైరు తెగితే కొత్తది కొనాలి. బ్యాటరీల ఖర్చు సరేసరి. కొన్నిళ్లలో లక్షల ఖరీదు చేసే ఆ పరికరం చివరికి బీరువాలో, పాస్‌బుక్కుల పక్కన చేరుతుంది. తప్పు తల్లిదే అని తేల్చేయడం తేలిక. అరవై డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న థెరపిస్టు అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ తల్లి ఏం చేసేదో కూడా ఆలోచించాలి కదా.

పోనీ, దగ్గర్లో ఎవరో ఒకరుంటే చాలా? చాలదు. తెలుగు వచ్చినవాళ్లే ఉండాలి.

కాకి తాతయితే...

గుండె డాక్టర్‌కు పేషెంటు భాష రాకపోయినా గుండె వినపడుతుంది. మాటల వైద్యానికి ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ భాషే స్టెతస్కోపు, భాషే మందు. ‘పాట’కీ ‘పాత’కీ తేడా నాలుక పైకి మడతపడిందా, పళ్లకు తగిలిందా అన్నదే. ‘పాలు’ వేరు, ‘పళ్లు’ వేరు. ‘అల’ వేరు, ‘అల్ల’ వేరు. ఒత్తు పడితే అర్థం మారుతుంది, దీర్ఘం తీస్తే అర్థం మారుతుంది. ఇంగ్లిషు పిల్లల కోసం తయారైన పరీక్ష తెచ్చి మన పిల్లల ముందు పెడితే ఈ తేడాల్లో ఒక్కటీ దొరకదు. అందుకే ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, మైసూరులోనూ తెలుగుకు ప్రత్యేకంగా ఉచ్చారణ పరీక్షలు, పదాల పట్టికలు తయారుచేసే పని జరిగింది.

రెండేళ్ల పిల్లాడు ‘కాకి’ని ‘తాతి’ అంటాడు. రైలును ‘లైలు’ అంటాడు. ఇంట్లో అందరం ముద్దుగా ఉందని మళ్లీమళ్లీ అనిపించుకుంటాం. బీఏఎస్‌ఎల్‌పీ విద్యార్థి మాత్రం దాన్ని పుస్తకంలో రాసుకుంటాడు. గొంతు దగ్గర పలకాల్సిన ‘క’ పళ్ల దగ్గరికి వచ్చి ‘త’ అయింది. రెండేళ్లకు ఇది సహజం. అయిదేళ్లకూ అలాగే ఉంటే సహజం కాదు. ‘ర’ ఆలస్యంగా వచ్చే ధ్వని, కొంత ఆగొచ్చు. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు అన్నదే ఈ చదువులో సగం. నాయనమ్మ మాట కొందరు పిల్లల విషయంలో నిజమే అవుతుంది కూడా. ఏ పిల్లల విషయంలో అన్నది ఆవిడకు తెలిసే వీల్లేదు, అంతే!

ఇదే ప్రాంతంలో పెరిగిన అమ్మాయో అబ్బాయో థెరపిస్టు అయితే ఇంకో లాభముంది. బొమ్మల పుస్తకంలో స్ట్రాబెర్రీ చూపించి ‘ఎరుపు’ నేర్పాల్సిన ఖర్మ పట్టదు. కళ్లంలో ఎండబోసిన కాయల మధ్య బిడ్డను కూర్చోబెట్టి ఎర్ర కాయ, పచ్చి కాయ, తాలు కాయ అని ఏరించమని తల్లికి చెప్పవచ్చు. తొడిమ తీయ్, బస్తాలో వెయ్, ఇంకోటి ఇవ్వు. పనికి పని, పాఠానికి పాఠం. నిజానికి ఈ శిక్షణలో థెరపిస్టు నేర్పేది బిడ్డకన్నా తల్లికే ఎక్కువ. వారంలో గంటసేపు థెరపీ, మిగతా గంటలన్నీ ఇంట్లోనేగా. తిరుపతిలో తితిదే నడిపే ‘శ్రవణం’ కేంద్రం తల్లులనూ బిడ్డలతో పాటు ఉంచుకుని శిక్షణ ఇచ్చేది అందుకే.

అన్నట్టు, అందరు పిల్లలకూ నోటి మాటే గమ్యం కానక్కర్లేదు. బాపట్లలో బధిర విద్యార్థుల కోసం ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల ఉంది. అక్కడి పిల్లలు సాయంత్రం మైదానంలో చేతులతో చెప్పుకునే కబుర్లు చూస్తే అదీ ఒక భాషేనని ఎవరూ చెప్పక్కర్లేదు. భారతీయ సంకేత భాష కోసం కేంద్రం 2015లో ఢిల్లీలో ప్రత్యేక సంస్థనే పెట్టింది. నోటితోనో చేతులతోనో, ఏదో ఒక భాష బిడ్డకు సకాలంలో అందాలి. ఏదీ అందకుండా అయిదేళ్లు గడిచిపోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టం.

మేనరికాల ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తికాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్లలో నాలుగో వంతుకు పైగా రక్తసంబంధీకుల మధ్య జరిగినవే. పుట్టుచెవుడులో జన్యువుల వల్ల వచ్చేది పెద్ద వాటా. రెండు వైపులా ఒకే లోపం దాగి ఉంటే బిడ్డలో బయటపడుతుంది. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఇలా జరగదు. కానీ అలాంటి ఇంట్లో బిడ్డ పుడితే ‘చూద్దాంలే’ అనుకోకుండా మొదటి నెలలోనే పరీక్ష చేయించడం మంచిది.

పిల్లలకే కాదు

ఈ డిగ్రీ అనగానే పసిపిల్లలే గుర్తొస్తారు గానీ పెద్దల వరసా చిన్నదేమీ కాదు. పక్షవాతం వచ్చిన పెద్దాయన సంగతే చూడండి. కాలూచెయ్యీ కొంత స్వాధీనంలోకి వచ్చినా మాట రాదు. ‘మంచినీళ్లు’ అనబోయి ఇంకేదో అంటాడు. కోపం వస్తుంది, ఏడుపొస్తుంది. మతి పోయిందనుకుంటారు ఇంట్లోవాళ్లు. పోయింది మతి కాదు, మాటలున్న బీరువా తాళంచెవి. పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు 1861లోనే, ‘టాన్’ అన్న ఒక్క మాట తప్ప పలకలేని రోగిని పరీక్షించి, మాటను నడిపేది మెదడులో ఎడమవైపు ముందుభాగమని చూపించాడు. విచిత్రమేమిటంటే ఇలాంటివాళ్లలో కొందరు మాట్లాడలేకపోయినా భజన పాట తప్పు లేకుండా పాడేస్తారు, ఒకటి నుంచి పది దాకా గడగడా లెక్కపెడతారు. ఆ పాటనే పట్టుకుని మాటల్లోకి లాక్కొచ్చే చికిత్సా ఉంది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాలని ఇప్పుడు అందరికీ తెలుసు. మాటకూ ఒకరున్నారని తెలిసినవాళ్లు తక్కువ.

నత్తి ఉంది. చిన్నతనంలో వందలో అయిదుగురికి ఏదో ఒక దశలో వస్తుంది. చాలామందికి దానంతటదే పోయి, పెద్దయ్యాక వందకు ఒక్కరిలో మిగులుతుంది. భయం వల్ల వచ్చే జబ్బు కాదిది. వెక్కిరిస్తే భయం దానికి తోడవుతుంది. గ్రహణం మొర్రి ఆపరేషన్ అయ్యాక ముక్కుతో వచ్చే మాట, రోజంతా తరగతి గదుల్లో అరిచి గొంతు బొంగురుపోయిన లెక్చరర్లు (గుంటూరులో వీళ్లకేం కొదవ!), పొగాకు పుణ్యమా అని గొంతు క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేస్తే మళ్లీ మాట నేర్చుకోవాల్సినవాళ్లు... అందరూ వెళ్లాల్సింది ఈ గదికే.

ఇక జిన్నింగ్ మిల్లులు. పక్కపక్కన నిలబడి అరుచుకుంటే తప్ప మాట వినపడని చోట, రోజుకు ఎనిమిది గంటలు, ఏళ్ల తరబడి పనిచేస్తారు. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ మించకూడదన్నది మన నిబంధన. 85 దాటితేనే ముప్పని ఇతర దేశాల నిపుణులంటారు. ఇలా పోయిన వినికిడి తిరిగి రాదు, మందూ లేదు. చెవుల్లో పెట్టుకునే బిరడాల ఖరీదెంతని... ఇచ్చే మిల్లు యజమానీ, పెట్టుకునే కూలీ ఉండాలి గానీ.

సీటెక్కడ?

ఈ చదువుకు దేశంలో పెద్ద దిక్కు మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్. 1965లో మొదలైంది. మైసూరు మహారాజు ఇచ్చిన స్థలంలో 1966 జులైలో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ శంకుస్థాపన చేశారు. తెలుగువాళ్లకు దగ్గరి దారి సికింద్రాబాద్. ముంబయి కేంద్రంగా 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు అక్కడ ప్రాంతీయ కేంద్రముంది. 1977లో డాక్టర్ పి.హనుమంతరావు స్థాపించిన స్వీకార్ సంస్థా అక్కడిదే. చెన్నై, బెంగళూరుల్లోనూ కళాశాలలున్నాయి.

ఇంటర్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు జీవశాస్త్రం గానీ గణితం గానీ ఉంటే చాలు. అంటే బైపీసీవాళ్లకే కాదు, ఎంపీసీవాళ్లకూ దారి ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. మూడేళ్లు చదువు, నాలుగో ఏడు ఇంటర్న్‌షిప్. చెవి, గొంతుల నిర్మాణం, ధ్వని భౌతికశాస్త్రం, భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కలగలిసి ఉంటాయి. ఒక్కో కళాశాలలో సీట్లు పదుల్లోనే. ప్రవేశం తీరు సంస్థను బట్టి మారుతుంది కాబట్టి ఏ ఏడాదికా ఏడాది ప్రకటన చూసుకోవాలి. పైచదువుల్లో ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ విడివిడిగా ఉంటాయి.

ఉద్యోగాల మాటకొస్తే కార్పొరేట్ ఆస్పత్రులు, ప్రత్యేక పాఠశాలలు, జిల్లా ఆస్పత్రుల్లో పిల్లల లోపాలను ముందే గుర్తించే కేంద్రాలు, విదేశాలు. చాలామందిని ముందుగా పిలిచేది మాత్రం వినికిడి యంత్రాలు అమ్మే దుకాణాలే. నాలుగేళ్లు చదివి, నెలకు ఇన్ని యంత్రాలు అమ్మాలన్న లక్ష్యం నెత్తిన పెట్టుకోవడం బాధాకరమే. కానీ చిలకలూరిపేటలోనో, అద్దంకిలోనో సొంతంగా ఓ చిన్న క్లినిక్ పెట్టుకునేందుకు అవసరమైన అనుభవం, పెట్టుబడి కొందరికి అక్కడే దొరుకుతాయి.

చేరేముందు చూడాల్సింది ఒకటే. ఆ కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందా, లేదా? 1992 నాటి చట్టం ప్రకారం ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు కాకుండా ఈ వృత్తి చేయడం నేరం. ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బిడ్డను తీసుకెళ్లే తల్లిదండ్రులకూ ఇదే గీటురాయి. ‘స్పీచ్ థెరపీ’ అని బోర్డు కనపడితే లోపలికెళ్లి, ఆర్‌సీఐ నంబరు ఎంతండీ అని అడగండి. చదివి వచ్చినవాళ్లు ఏమీ అనుకోకుండా చూపిస్తారు.